సీఫర్ట్ వీథుల పూర్వచరిత్రము

ఖగోళశాస్త్రగ్రంథములయందు సీఫర్ట్ నక్షత్రవీథులను వర్గమొకటి కలదు. అమెరికా పండితుఁడు కార్ల్ సీఫర్ట్ 1943వ సంవత్సరమునఁ బ్రకటించిన వ్యాసము వలన ఈ పేరు వచ్చినది. కొన్ని నక్షత్రవీథుల గర్భమున వాయువు ప్రచండవేగముతోఁ జలించుచున్నదని కనుఁగొన్న కీర్తిని పలువు రాయనకే యొసఁగుచున్నారు. ఇది పూర్తిగా సత్యము కాదు. ఆయనకు ముందే యిరువురు దీనిని జూచియుండిరి. అందొకరి మాట మిక్కిలి ముఖ్యమైనదయ్యును మఱుగునఁ బడినది. ఆ పౌర్వాపర్యము నిందు విచారింతును.

విచారమున కాధారము ఒక్క నీహారిక. ఫ్రాన్సుదేశీయుఁడు పియెర్ మెషేన్ 1780 అక్టోబరులో దీనిని తిమింగిలరాశియందుఁ గనుఁగొనెను. మెస్సియే పట్టికలో నిది 77వది. తరువాతి కాలపు ఎన్. జి. సి. పట్టికలో 1068వది. మెస్సియే దీనిని చిన్న నక్షత్రముల గుచ్ఛముగాఁ దలఁచెను. నాఁటి దూరదర్శినులతో నంతకు మించి నిర్ణయింప శక్యము గాదు.

కాంతిని పట్టకముగుండ విడఁదీసి చూచు విద్య వచ్చిన పిదపనే చర్చకు దారి యేర్పడెను. నక్షత్రసమూహముల కాంతి తెగని పట్టీవలెఁ గనఁబడి నడుమ కృష్ణరేఖలను జూపును. పలుచని వేఁడివాయువు కొన్ని యుజ్జ్వలరేఖలను మాత్రమే చూపును. 1864లో ఇంగ్లండునందు విలియమ్ హగ్గిన్స్ ఒక నీహారికలో నుజ్జ్వలరేఖలను జూచి, యది వాయుమయమని నిర్ణయించెను. కాని యాండ్రోమీడా నీహారిక తెగని పట్టీనే చూపెను. కావున సర్పిలాకార నీహారికలు వాయువులా, నక్షత్రసమూహములా యను సంశయము నిలిచిపోయెను.

ఈ సంశయమును దీర్చుటకే యెడ్వర్డ్ ఫాత్ 1908లో కాలిఫోర్నియాయందలి లిక్ వేధశాలలో, 36 అంగుళముల క్రాస్లీ దర్పణదూరదర్శినితో సర్పిలముల వర్ణపటములను గ్రహించెను. తక్కినవానిలో నెక్కువభాగము నక్షత్రగుచ్ఛములవలెఁ గృష్ణరేఖలనే చూపెను. 1068వ నీహారిక మాత్రము కృష్ణరేఖలతోఁ గూడ నాఱు ఉజ్జ్వలరేఖలను జూపెను. అవి గ్రహాకార నీహారికల రేఖలను బోలియుండెను. తన సిద్ధాంతమునకు నక్షత్రపక్షమే యనుకూలము గదా యని ఫాత్ వానిని విడువలేదు, 1909లోఁ బ్రకటించెను. తాళపత్రమున నర్థము గాని పాఠమును సవరింపక యున్నదున్నట్లు ఎత్తి వ్రాసిన లేఖకుని బోలినవాఁ డీతఁడు. అట్టివాని యుపకార మెంతటిదో ప్రతులను బరిష్కరించు మనవారికిఁ జెప్పనక్కఱలేదు.

రెండవవాఁడు అరిజోనాయందలి లోవెల్ వేధశాలకుఁ జెందిన వెస్టో స్లైఫర్. 1917లో నీతఁ డిదే నీహారికకు మఱింత స్ఫుటమైన వర్ణపటమును సంపాదించెను. నీహారిక మొత్తముగా సెకనుకు సుమారు 1,100 కిలోమీటర్ల వేగముతో మననుండి దూరమగుచున్నదని కొలిచెను. నా దృష్టిలో నంతకంటె ముఖ్యమైనది వేఱొకటి. వర్ణపటదర్శినిలోనికిఁ గాంతి సన్నని చీలికగుండఁ బ్రవేశించును. వాయువు శాంతముగా నున్నచో ఫలకముపై నా చీలిక ప్రతిబింబమే సన్నని రేఖయై నిలుచును. 1068 రేఖలు మాత్రము చీలిక ప్రతిబింబములు గావనియు, చిన్న బిళ్లలవలె నున్నవనియు స్లైఫర్ వ్రాసెను. మనవైపు వచ్చు వాయువుయొక్క రేఖ ఊదారంగువైపునకును, దూరముగాఁ బోవు వాయువుయొక్క రేఖ యెఱుపువైపునకును జరుగును. రెండును గలసినచో రేఖ వెడల్పగును. ఆ వెడల్పు సెకనుకు వందలకొలఁది కిలోమీటర్ల వేగభేదమునకు సమానము. ఉజ్జ్వలరేఖ వాయువున్నదని మాత్రమే చెప్పును. వెడల్పైన రేఖ యా వాయువు క్షోభించుచున్నదని చెప్పును. క్రియాశీలగర్భము అని నేఁడు మనము వాడు మాటకు మూల మిందే యున్నది.

మఱి దీని నేల యెవ్వరును బట్టించుకొనలేదు? 1925లో హబుల్ సర్పిలములు మన పాలపుంతకు వెలుపలి నక్షత్రవీథులని స్థాపించువఱకు వాని దూరములు తెలియవు. దూరము తెలియనిచో గర్భము నిజముగా నెంత ప్రకాశించుచున్నదో లెక్క కట్టుట యెట్లు? హబులే 1926లో 1068తోఁ గూడ 4051, 4151 సంఖ్యలు గల వీథులకు నిట్టి రేఖలు గలవని పేర్కొనెను. 1927లో బోవెన్ ఆ యాకుపచ్చ రేఖలు క్రొత్త మూలద్రవ్యమువి గావనియు, రెండు ఎలక్ట్రానులను గోల్పోయిన ఆమ్లజనివనియుఁ దేల్చెను.

సీఫర్ట్ చేసిన పని తక్కువ యని నా యభిప్రాయము గాదు. మౌంట్ విల్సన్ వర్ణపటములతో నాతఁ డాఱు వీథులను పరిశీలించి, కొన్నింట ఉదజని రేఖల వెడల్పు సెకనుకు 8,500 కిలోమీటర్ల వఱకుఁ గలదని చూపెను. ఒంటరిగా నున్న వింతను వర్గముగా మార్చినవాఁడు ఆయనయే. ఐనను ఆ వ్యాసమును జాలకాలము పలువురు గమనింపలేదు. 1954లో బాడె, మిన్కోవ్‌స్కీలు రేడియోతరంగములను వెదచల్లు హంసరాశివస్తువునకు నిట్టి రేఖలే కలవని ప్రకటించిరి. 1963లో ష్మిట్ 3సి 273 రేఖలు నూటికి 16 వంతులు ఎఱుపువైపునకు జరిగినవని గుర్తించెను. అప్పుడు గాని పాతవ్యాసమునకు గౌరవము రాలేదు.

1068 కథ యింతటితో ముగియలేదు. దానియందు ఉదజని రేఖలు తక్కిన వీథులలోవలె మిక్కిలి వెడల్పుగా లేకుండుట చిక్కుగా నుండెను. 1985లో ఆంటొనూచి, మిల్లర్ అనువారు ధ్రువితకాంతిని మాత్రము వేఱుపఱచి చూడఁగా, దాఁగియున్న వెడల్పు రేఖలు కనఁబడెను. ధూళివలయము గర్భమును గప్పుచుండఁగా, చుట్టునున్న యెలక్ట్రానులపైఁ బడి చెదరిన కాంతి మనలను జేరుచున్నదన్నమాట. ఈ పరిశీలన జరిగినది ఫాత్ కృషిచేసిన లిక్ వేధశాలలోనే. గర్భమున సుమారు కోటి సూర్యుల ద్రవ్యరాశి గల కృష్ణబిలము కలదని తరువాతివా రంచనావేసిరి.

పేరు మార్చవలెనని నేను కోరను. ఐనను చరిత్ర వ్రాయునప్పుడు చూచినవాఁడు ఫాత్, వెడల్పును గుర్తించినవాఁడు స్లైఫర్, వర్గమును గట్టినవాఁడు సీఫర్ట్ అని వేర్వేఱుగాఁ జెప్పుట న్యాయము. ఫాత్ 1959లోను, సీఫర్ట్ మఱుసటియేఁడు మోటారుకారు ప్రమాదమునను గతించిరి. స్లైఫర్ 1969 నవంబరు వఱకు జీవించెను. అప్పటికి 3సి 273 వార్త వెల్లడియై యాఱేండ్లు గడచెను.