డకోటాల క్రయవిక్రయములు



యుద్ధములు గలుగుటకు హేతువులను చరిత్రగ్రంథములు విస్తరించి చెప్పును. యుద్ధము ముగిసిన పిదప సేనలు విడిచిన వస్తువు లేమైనవో చెప్పునవి తక్కువ. చిరకాలము బడిపిల్లలకు చరిత్ర బోధించిన నాకు ఈ రెండవ విషయమే మిక్కిలి విచార్యమని తోచును. అట్టి వస్తువులలో నొకటి డకోటా విమానము. దాని విక్రయకథను నేడు మనవి చేసెదను.

అమెరికాలోని డగ్లస్ సంస్థ నిర్మించిన డీసీ-3 విమానము 1935 డిసెంబరు 17వ తేదీన మొదటిసారి యెగిరెను. రెక్క కొకటి చొప్పున రెండు ఇంజన్లు, వాని ముందు తిరుగు ప్రొపెల్లర్లు, లోపల సుమారు 21 మంది ప్రయాణికులకు చోటు; ఇది దాని స్వరూపము. రెండవ ప్రపంచయుద్ధము రాగా దీనినే సైన్యమునకు తగినట్లు మార్చి, అన్ని విధములవి కలిపి 10,000కు పైగా నిర్మించిరి. బ్రిటిషువారు దీనికి డకోటా యని పేరిడిరి.

1945లో యుద్ధము ముగియగానే వీనిలో వేలకొలది పనిలేక నిలిచిపోయెను. కొత్త విమానపు వెలతో పోల్చిన మిక్కిలి స్వల్పమైన వెలకు వానిని విక్రయించిరి. తూర్పు రంగమున యుద్ధమునకై వచ్చిన వానిలో పెక్కు మన దేశముననే అమ్ముడుపోయెను. బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారమున వానిని బాగుచేసి, గోడల వెంబడి నున్న సైనికుల పీటలు తొలగించి, ప్రయాణికులకు ఆసనము లమర్చిరి.

నైజాం రాజ్య రైల్వేయు, టాటావారును గలసి 1945లో స్థాపించిన దక్కను ఎయిర్‌వేస్ సంస్థ హైదరాబాదు బేగంపేట నుండి నడపినవి ఈ డకోటాలే. 1947 అక్టోబరు 27న శ్రీనగరమునకు మన సైనికులను చేర్చినవియు నివియే. 1953లో ఎనిమిది సంస్థలను గలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ నేర్పరచినపుడు దానికి సంక్రమించిన 99 విమానములలో 74 డకోటాలు. ఒకరికి అక్కఱలేని సరకు వేఱొకరికి ఆకాశమార్గమైనది.

అయిన, పాతవిమానమునకు వెలకట్టుట యెట్లు? ఎద్దును కొనువాడు పండ్లును సుడులును చూచును. విమానమును కొనువాడు మొదట దాని లాగ్ పుస్తకమును చూచును. అది యెన్ని గంట లెగిరినదో, ఏ భాగము నెప్పుడు మార్చిరో, ఎవరు పరీక్షించి సంతకము చేసిరో యందు వ్రాసియుండును. అది జాతకము వంటిది. కాని జాతకము రాబోవుదానిని జెప్పును, ఇది జరిగినదానిని జెప్పును. ఈ సాక్ష్యము లేనిచో గట్టి యంగమైనను ఎగురుటకు పనికిరాదు, తుక్కువెలకే పోవును.

వేగముగల విమానములు వచ్చిన పిమ్మట డకోటాలకు మరల వెల తగ్గెను. అయినను కథ ముగియలేదు. 2011లో ఐర్లండున తుక్కులో నున్న యొకదానిని రాజీవ్ చంద్రశేఖర్ కొని, ఇంగ్లండులో బాగుచేయించిరి. ఆయన తండ్రి మన వాయుసేనలో డకోటాలు నడపినవారు. ఆ విమానము 2018లో ఎగిరి మన దేశమునకు వచ్చి, పరశురామ నామముతో వాయుసేన కర్పితమాయెను.

దీనివలన నేను గ్రహించినది స్వల్పమే. కాలము చెల్లిన వస్తువు నమ్ముట దోషము గాదు. అమ్మనిచో నీ డకోటాలు మైదానములలోనే శిథిలమైయుండును. కాని వస్తువుతోపాటు దాని వ్రాతను గూడ కొనువాని చేతి కీయవలయును. బండియైనను, యంత్రమైనను, తాతలనాటి యిల్లైనను ఇదే ధర్మము. వ్రాత పోయిన వస్తువు లోహమో కఱ్ఱయో యగును. వ్రాత నిలిచినచో అది చరిత్ర యగును.