నేలపట్టు చెరువు కాచిన పక్షులు

దొరవారిసత్రం దగ్గరి నేలపట్టులో గూడబాతులను 1976లో అభయారణ్యం ప్రకటించి కాపాడామని చెప్పుకుంటాం. నా లెక్కలో అసలు కథ అంతకంటే పాతది, దానికి సాక్ష్యం చెరువులోనే నిలబడి ఉంది. నెలల తరబడి మొదలు మునిగినా చావని కడప చెట్లు, వాటి కొమ్మల మీద పుల్లల గూళ్లు. పొలానికి నీళ్లు తోడే గూడను తలపించే తల్లి ముక్కుసంచిలోకి పిల్ల తల మొత్తం దూర్చి చేపను లాక్కుంటుంది. ఆ చేపల్లో చాలావరకు పులికాట్ సరస్సువి. పక్షుల రెట్ట నీళ్లలో పడుతుంది, ఆ నీరే కింది పొలాలకు ఎరువు. అందుకే రైతు ఆ పక్షిని తరమలేదు.

అది స్వార్థమే కదా, చట్టం లేకపోతే వేటగాణ్ణి ఎవరు ఆపేవారు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తుపాకీని ఆపగలదు, వలను ఆపగలదు. చెరువును మాత్రం నింపలేదు. ఈశాన్య రుతుపవనాలు ముఖం చాటేసిన ఏడాది, చట్టం అమల్లో ఉన్నా, గూళ్లు పలచబడతాయి. స్వార్థమే అనుకున్నా, సేద్యంతో ముడిపడింది కనుకనే అది తరాలపాటు నిలిచింది. చెరువు పూడిక తీయడం, నీరు వచ్చే కాలువను తెరిచి ఉంచడం పక్షి సంరక్షణ పద్దులోనే రాయాలని నేను గట్టిగా అనేది ఇందుకే.