కొలిమి ఆరిన ఊరి జట్టు

1930 శరత్కాలంలో ఐరన్‌టన్ ట్యాంక్స్ అనే ఫుట్‌బాల్ జట్టు న్యూయార్క్ జెయింట్స్‌ను 13-12తో ఓడించింది. అదే సీజన్‌లో షికాగో బేర్స్‌ను 26-13తో మట్టి కరిపించింది. అవి రెండూ మహానగరాల జట్లు. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఆ ఏడాది రెండు, మూడు స్థానాల్లో నిలిచినవి. ఐరన్‌టన్ మాత్రం ఒహాయో నది ఒడ్డున 16 వేల పైచిలుకు జనం ఉన్న ఊరు. ఆ సీజన్ ముగియగానే ట్యాంక్స్ జట్టును ఎత్తేశారు. ఆ పేరుతో ఆ జట్టు మళ్ళీ మైదానంలోకి దిగలేదు.

జట్లు మూతపడటం కొత్తేమీ కాదు. వరసగా ఓడుతుంటాయి, జనం రావడం తగ్గుతుంది, ఒకరోజు తలుపులు మూస్తారు. ట్యాంక్స్ కథలో ఆ వరస కనబడదు. పన్నెండు సీజన్లలో 85 గెలుపులు, 19 ఓటములు, 14 డ్రాలు. తన జీవితంలోకెల్లా పెద్ద గెలుపులు సాధించిన ఏడాదే కన్నుమూసిన జట్టు అది. దాని చావుకు కారణం మైదానంలో వెతికితే దొరకదు. ఊళ్ళో వెతకాలి.

ఐరన్‌టన్‌ను 1849లో ఇనుము కోసమే కట్టారు. జాన్ క్యాంప్‌బెల్ అనే కొలిముల యజమాని, ఆయన భాగస్వాములు కలిసి వేసిన ఊరు. క్యాంప్‌బెల్ బానిసత్వాన్ని వ్యతిరేకించినవాడు. దక్షిణాది నుంచి నది దాటి పారిపోయి వచ్చిన బానిసలకు ఆశ్రయమిచ్చినవాడు. చుట్టుపక్కల కొండల్లో ముడి ఇనుము, బొగ్గు చేయడానికి అడవి, సున్నపురాయి ఒకేచోట దొరికేవి. హ్యాంగింగ్ రాక్ అనే ఆ ప్రాంతపు కొలిముల ఇనుము అమెరికా అంతర్యుద్ధంలో ఫిరంగులకు పనికొచ్చింది. ఆ వైభవం పందొమ్మిదో శతాబ్దంతోనే సన్నగిల్లడం మొదలైంది. గ్రేట్ లేక్స్ వైపు మేలైన ఖనిజం దొరికింది, పెద్ద ఉక్కు ఫ్యాక్టరీలు అటు వెళ్ళాయి. అయినా 1920లలో ఊరికి ఇంకా ఇనుప పని ఉంది, సిమెంటు పని ఉంది, రైలు ఉంది. ఆదివారం ఆట చూడటానికి జేబులో నాలుగు డబ్బులూ ఉన్నాయి.

1919లో, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి కుర్రాళ్ళు ఇళ్ళు చేరిన ఏడాది, ఊళ్ళో ఒకదాంతో ఒకటి కొట్టుకునే రెండు పేటల జట్లు, ఐరిష్ టౌన్ ర్యాగ్స్, లాంబార్డ్స్, కలిసిపోయాయి. ఆ కలయికలోంచి పుట్టిందే ట్యాంక్స్. మన దగ్గర ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట. వీళ్ళది వేరు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతూ, విసురుతూ, అడ్డొచ్చినవాణ్ణి తోసుకుంటూ అవతలి గీత దాటించాలి. ఆ రోజుల్లో తలకు తోలు టోపీ తప్ప పెద్ద రక్షణ లేదు. దాడికి వేరే మనుషులు, కాపలాకి వేరే మనుషులు అనే సౌకర్యమూ లేదు. అటూ ఇటూ ఆ పదకొండు మందే ఆడాలి.

దీన్ని సెమీ ప్రొఫెషనల్ జట్టు అనేవారు. ఆటగాడికి వారమంతా ఒక ఉద్యోగం, ఆదివారం ఆట, ఆటకు ఇంత అని పైసలు. టికెట్ల వసూళ్ళే జట్టుకు ప్రాణం. బయటి పెద్ద జట్టును పిలవాలంటే జనం వచ్చినా రాకపోయినా ఇంత ఇస్తామని ముందే హామీ ఇవ్వాలి. మొదట్లో ఊరి కుర్రాళ్ళే ఆడేవారు. పోటీ ముదిరాక కాలేజీల్లో పేరు తెచ్చుకున్నవాళ్ళను రప్పించాల్సి వచ్చింది. ఒక్క ఆట డబ్బుతో వాళ్ళు సంసారం ఈదలేరు కనుక, ఊరు వాళ్ళకు ఉద్యోగం కూడా చూసిపెట్టేది. నా లెక్కలో ఈ ఉద్యోగమే ఈ కథకంతా ఇరుసు.

గ్లెన్ ప్రెస్నెల్ సంగతే చూడండి. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో మెరుపులా పరుగెత్తిన ఆటగాడు. 1928లో చదువు ముగిసేసరికి నేషనల్ లీగ్ జట్ల నుంచి పిలుపులు ఉన్నాయి. ఆయన ఐరన్‌టన్‌ను ఎంచుకున్నాడు. కారణం, ఐరన్‌టన్ హైస్కూల్లో సైన్సు మాస్టారి ఉద్యోగం. వారమంతా పిల్లలకు సైన్సు పాఠం చెప్పే మనిషే ఆదివారం ట్యాంక్స్ బంతి పట్టుకుని పరుగెత్తేవాడు. గ్యాలరీలో కూర్చుని అరిచేవాళ్ళలో ఆయన విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రులు ఉండేవారు. తమ పిల్లవాడికి మార్కులు వేసే మాస్టారు జెయింట్స్‌ను ఓడించడం చూసిన ఊరు మరొకటి ఉందేమో నాకు తెలియదు.

నదీతీరం పొడుగునా ఇలాంటి ఊళ్ళే ఉండేవి. కొద్ది మైళ్ళ ఎగువన, నదికి అవతల, కెంటకీలోని యాష్‌లాండ్‌లో ఉక్కు కంపెనీ జట్టు ఆర్మ్‌కో. దిగువన 30 మైళ్ళ దూరంలో పోర్ట్స్‌మత్. అక్కడ బూట్ల ఫ్యాక్టరీలు, ఉక్కు ఫ్యాక్టరీ ఉండేవి కనుక జట్టు పేరే షూ-స్టీల్స్. 1927లో ఆ జట్టుకు ఆడుతూ శిక్షణ ఇచ్చింది జిమ్ థోర్ప్, 1912 ఒలింపిక్స్ వీరుడు. ఐరన్‌టన్‌కూ పోర్ట్స్‌మత్‌కూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఒకరిని మించి ఒకరు ఆటగాళ్ళను కొన్నారు. ఆ పంతమే రెండు జట్లనూ వాటి ఊళ్ళ స్తోమతకు మించి పైకి లేపింది. ఖర్చు కూడా దాంతోపాటే లేచింది.

1930లో పోర్ట్స్‌మత్ స్పార్టన్స్ అనే పేరుతో ఏకంగా నేషనల్ లీగ్‌లో చేరింది. ట్యాంక్స్ చేరలేదు. అయితేనేం, ఆ ఏడాదికి కోచ్‌గా గ్రీసీ నీల్‌ను తెచ్చుకుంది. ఈయన 1919 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్‌లో సిన్సినాటి తరఫున ఆడిన మనిషి. తర్వాతి కాలంలో ఫిలడెల్ఫియా ఈగిల్స్‌ను 1948లోనూ 1949లోనూ లీగ్ విజేతగా నిలబెట్టిన కోచ్ కూడా ఈయనే. జెయింట్స్‌తో, బేర్స్‌తో ఆటలు పెట్టింది సిన్సినాటిలోని రెడ్‌లాండ్ ఫీల్డ్‌లో. నీల్ వరల్డ్ సిరీస్ ఆడిన మైదానమే అది. జెయింట్స్‌కు అప్పుడు బంతి విసరడంలో ఆ కాలపు మేటి బెన్నీ ఫ్రీడ్‌మన్ ఉన్నాడు. బేర్స్‌లో రెడ్ గ్రేంజ్, ఆ ఏడాదే చేరిన బ్రాంకో నగుర్‌స్కీ ఉన్నారు. ఇలాంటి జట్లను సైన్సు మాస్టారి జట్టు ఓడించింది. అదే సీజన్‌లో పోర్ట్స్‌మత్‌ను కూడా ఒకసారి 16-15తో ఓడించింది.

అప్పటికి 1929 అక్టోబరులో షేర్ మార్కెట్ కూలి ఏడాది దాటింది. కొలిముల్లో పని తగ్గితే జీతం తగ్గుతుంది. జీతం తగ్గిన ఇంట్లో ముందు ఆగిపోయేది ఆదివారం టికెట్టే. జనానికి జట్టు మీద ప్రేమ పోలేదు, కొనే శక్తి పోయింది. పెద్ద జట్లకు హామీ సొమ్ము కట్టి, పేరున్న ఆటగాళ్ళకు డబ్బిచ్చి, ఆపైన ఉద్యోగాలు చూపించడం ఇక ఆ ఊరి వల్ల కాలేదు. ట్యాంక్స్ కథ అక్కడితో ఆగింది.

ప్రెస్నెల్ 1931లో పోర్ట్స్‌మత్‌కు వెళ్ళాడు. శత్రువుల ఊరు అనుకోవడానికి అది సమయం కాదు. ఆ ఊరు కూడా గొప్పగా ఆడింది. 1932 డిసెంబర్ 4న, వరసగా మూడేళ్ళు విజేతగా నిలిచిన గ్రీన్ బే ప్యాకర్స్‌ను 19-0తో ఓడించింది. కోచ్ పాట్సీ క్లార్క్ ఆ ఆటంతా పదకొండు మందితోనే ఆడించాడు, ఒక్కరినీ మార్చలేదు. ఆ పదకొండు మందిలో ప్రెస్నెల్ ఒకడు.

ఆ సీజన్ చివరికి స్పార్టన్స్, బేర్స్ సమానంగా నిలిచాయి. డిసెంబర్ 18న షికాగోలో ఒక్క ఆటతో తేల్చుకోవాలి. మంచు, చలి భరించలేక ఆటను షికాగో స్టేడియం కప్పు కిందికి మార్చారు. అంతకుముందు అక్కడ సర్కస్ జరిగింది. దానికోసం పోసిన మట్టి మీదే ఆడారు. మైదానం పొడవు దాదాపు 80 గజాలే, పక్కనే గోడ. స్పార్టన్స్‌కు అసలు దెబ్బ వేరే ఉంది. వాళ్ళ మేటి ఆటగాడు డచ్ క్లార్క్ ఆ ఆటకు రాలేదు. ఆయన కొలరాడో కాలేజీలో బాస్కెట్‌బాల్ కోచ్. ఉద్యోగంలో చేరాల్సిన వేళ అయింది, వెళ్ళిపోయాడు. నగుర్‌స్కీ విసిరిన బంతిని గ్రేంజ్ అందుకున్నాడు. బంతి విసిరే ముందు నగుర్‌స్కీ నిబంధన ప్రకారం ఐదు గజాలు వెనక్కి తగ్గలేదని పోర్ట్స్‌మత్ మొత్తుకుంది. ఎవరూ వినలేదు. బేర్స్ 9-0తో గెలిచింది. విచిత్రమేమిటంటే మరుసటి ఏడాది ఆ ఐదు గజాల నిబంధననే లీగ్ తీసేసింది. ఐరన్‌టన్‌కు ప్రెస్నెల్‌ను తెచ్చింది ఒక ఉద్యోగం. పోర్ట్స్‌మత్ నుంచి విజేత పట్టాన్ని దూరం చేసినవాటిలో మరో ఉద్యోగం ఒకటి.

ఆ 1932లో లీగ్‌లో మిగిలినవి ఎనిమిది జట్లే. 1926లో ఇరవైకి పైగా ఉండేవి. చిన్న ఊళ్ళు దాదాపు అన్నీ రాలిపోయాయి, గ్రీన్ బే, పోర్ట్స్‌మత్ మిగిలాయి. 1930లో గ్రీన్ బే జనాభా 37 వేలు, పోర్ట్స్‌మత్‌ది 42 వేలు. గ్రీన్ బే నిలబడటానికి కారణం 1923లోనే జట్టును వాటాలుగా ఊరి జనానికి అమ్మేయడం. ఊరు చిన్నదైనా సరే, జట్టు నిజంగా జనం ఆస్తి అయితే బతికే దారి ఒకటి ఉందని అది చూపించింది. పోర్ట్స్‌మత్‌కు ఆ దారి దొరకలేదు. 1934లో జార్జ్ రిచర్డ్స్ అనే రేడియో స్టేషన్ యజమాని 7,952 డాలర్ల 8 సెంట్లకు ఆ జట్టును కొని డెట్రాయిట్‌కు తరలించాడు. నేటి డెట్రాయిట్ లయన్స్ అదే. ఐరన్‌టన్ నుంచి డెట్రాయిట్‌కు అప్పటికే ఒక రైలు మార్గం ఉంది, డెట్రాయిట్-టొలీడో-ఐరన్‌టన్ రైల్‌రోడ్. హెన్రీ ఫోర్డ్ దాన్ని 1920లో కొని 1929లో అమ్మాడు. నది ఒడ్డు సరుకు ఉత్తరానికి పోయిన దారి అది. ఆటగాళ్ళు కూడా చివరికి అటే వెళ్ళారు.

ప్రెస్నెల్ లయన్స్‌తోపాటు వెళ్ళాడు. 1934లో గ్రీన్ బే మీద 54 గజాల దూరం నుంచి బంతిని తన్ని కొట్టిన ఆయన ఫీల్డ్ గోల్ 1953 దాకా దూరంలో రికార్డుగా నిలిచింది. 1935లో లయన్స్ విజేత అయినప్పుడూ జట్టులో ఉన్నాడు.  ప్రెస్నెల్ కోచింగ్‌లో బతుకు గడిపి, చివరికి ఐరన్‌టన్ చేరి, 2004లో 99 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. ఊళ్ళోని మైదానానికి ట్యాంక్స్ మెమోరియల్ స్టేడియం అని పేరు. రెండు వైపులా గ్యాలరీలకు కప్పు ఉన్న అరుదైన హైస్కూల్ మైదానం అది. శుక్రవారం రాత్రుళ్ళు అక్కడ బడిపిల్లల ఆట ఇప్పటికీ జరుగుతుంది. ఊరి జనాభా మాత్రం 10 వేల పైచిలుకుకు దిగింది.

డెట్రాయిట్ శివార్లలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. థాంక్స్‌గివింగ్ రోజున లయన్స్ ఆట చూడటం అక్కడ ఆనవాయితీ, అది కూడా 1934లో మొదలైందే. ఆ ఆట చూసే పిల్లలకు ఈ రెండు నదీతీరపు ఊళ్ళ పేర్లు ఒకసారి చెప్పండి. పాత లీగ్ పట్టికల్లో పోర్ట్స్‌మత్ కనబడుతుంది, ఐరన్‌టన్ దొరకదు. 1930లో జెయింట్స్ పేరు పక్కన 13 గెలుపులు, 4 ఓటములు అని ఉంటుంది. ఐరన్‌టన్ లీగ్‌లో లేదు కనుక దాని చేతిలో తిన్న ఓటమి ఆ నాలుగింటిలో లేదు.