నాలుగు అంగుళాల సందు: పసిపిల్లల పరుపు కొలత వెనక చరిత్ర

ఈ రోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక పరుపు ఉంది. పసిపిల్లల మంచంలో వేసే చిన్న పరుపు. దాని కొలత గురించి మాట్లాడుకుందాం. "దీంట్లో చరిత్ర ఏముంది బ్రో" అనుకుంటున్నారేమో. నేనూ మొదట అలాగే అనుకున్నా.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తా.

మా పాప పుట్టినప్పుడు తెలిసినవాళ్లు తమ బాబు వాడిన చెక్క మంచం ఇచ్చారు. చుట్టూ ఊచలు ఉండే మంచం, క్రిబ్ అంటాం కదా, అది. దాంతో వచ్చిన పరుపుకి పైగుడ్డ చిరిగి ఉంది. కొత్త పాపకి పాత పరుపు ఎందుకని అటక మీద పడేసి, ఫోన్‌లో కొత్తది ఆర్డర్ పెట్టా. "స్టాండర్డ్ బేబీ సైజ్" అని రాసి ఉంది. స్టాండర్డే కదా, ఇంకేం కావాలి?

వచ్చాక వేసి చూస్తే ఒక పక్కకి సందు. మామూలు సందు కాదు, నా అరచెయ్యి అడ్డంగా దూరిపోయేంత. టేపు పెట్టి కొలిచా. మంచం లోపల వెడల్పు 28 అంగుళాలు, పొడవు 52. పరుపేమో 24, 48. రెండూ స్టాండర్డేనట!

మా అమ్మ ఊరుకుంటుందా? తన పాత నేత చీరతో పాప కోసం కుట్టిన బొంతని చుట్టగా చుట్టి ఆ సందులో దూర్చేసింది. "చూడు, అచ్చంగా సరిపోయింది" అంది. నాకూ ముచ్చటేసింది. ఫొటో కూడా తీశా.

రెండు రోజులకి టీకా కోసం వెళ్లినప్పుడు ఆ ఫొటో డాక్టర్‌గారికి చూపించా. ఆవిడ జూమ్ చేసి, ఆ బొంత చుట్ట మీద వేలు పెట్టారు. "ఇది ఈ రాత్రికే తీసెయ్యండి. ఈ పరుపు కూడా వాడకండి" అన్నారు. పాప దొర్లుకుంటూ వెళ్లి మొహం ఆ మెత్తటి గుడ్డకో, ఆ సందుకో ఆనిందంటే వెనక్కి లాక్కునే బలం మెడకి ఉండదు. ఏడవడానికి కూడా ఊపిరి అందదు. పక్క గదిలో ఉన్న మనకి ఏ చప్పుడూ వినిపించదు.

అమ్మ మొహం చిన్నబోయింది. ఆటోలో ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. "నేనైనా చూసుకోవాల్సింది" అని మా ఆవిడ. పరుపు అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే, "కొనేముందు మీరే కొలుచుకోవాలి సార్" అన్నారు. అటక మీది పాత పరుపు దించి, కొత్త గుడ్డ బిగించి వేశాం. మంచానికి అది అచ్చంగా సరిపోయింది. ఆ రాత్రి పాప హాయిగా పడుకుంది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఇంట్లో అందరూ తప్పు తమదే అనుకుంటున్నారు. అసలు ఈ 28, 52 ఎక్కణ్ణుంచి వచ్చాయి? స్టాండర్డ్ అంటే ఎవరి స్టాండర్డ్? అప్పుడు చదవడం మొదలుపెట్టా.

మొదట మన సంగతి చూద్దాం. మన ఇళ్లలో పసిబిడ్డ పక్కకి సైజ్ అనేదే లేదు. ఎందుకంటే పక్కకి తగ్గట్టు బిడ్డని చూసుకోలేదు, బిడ్డకి తగ్గట్టు పక్క కుట్టుకున్నారు. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి, దారంతో వరసగా కుట్లు వేస్తే బొంత. జానలు, మూరలు లెక్క. దూలానికి చీర కట్టి ఉయ్యాల. తెలంగాణలో తొట్టెల అంటారు. పిల్లలు కావాలని మొక్కుకుని గుడి దగ్గర చెట్టుకి బుజ్జి ఉయ్యాల కట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అంత విలువ దానికి. అలాగని ఆ రోజుల్లో పిల్లలకి ఏమీ కాలేదని నేను చెప్పను. అయ్యేది. కాకపోతే దాన్ని తలరాత అనో, దిష్టి అనో, లేకపోతే తల్లి అజాగ్రత్త అనో అనేవాళ్లు.

ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. తల్లి అజాగ్రత్త.

ఇప్పుడు ఊచల మంచం సంగతి. ఇది మన పల్లెల్లో పుట్టింది కాదు కాబట్టి దీని కథ కోసం యూరప్, అమెరికా వైపు వెళ్లాలి. అక్కడ కూడా శతాబ్దాల పాటు పిల్లలు పెద్దవాళ్ల పక్కలోనే పడుకున్నారు. బైబిల్లో సొలొమోను రాజు తీర్పు కథ వినే ఉంటారు. ఇద్దరు తల్లులు, ఒక బిడ్డ. ఆ గొడవ మొదలయ్యేదే రాత్రి నిద్రలో తల్లి కింద పడి ఒక పసివాడు చనిపోవడంతో. అంటే ఈ భయం ఎంత పాతదో చూడండి.

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో దీనికో ఉపాయం కనిపెట్టారు. ఆర్కుచ్చో అని ఒక చెక్క చట్రం. బిడ్డ మీద చిన్న పందిరిలా నిలబడుతుంది. పక్కన పడుకున్న తల్లి గానీ, పాలిచ్చే దాది గానీ నిద్రలో ఒరిగినా బరువు చట్రం మీద పడుతుంది, బిడ్డ మీద కాదు. పాలివ్వడానికి పక్కన ఒక వంపు కూడా కోసి ఉండేది. దీని గురించి 1732లో లండన్‌లోని రాయల్ సొసైటీ పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. అందులో ఇంకో సంగతి కూడా రాశారు. అక్కడి దాదులు ఇది వాడకపోతే చర్చి నుంచి వెలివేస్తారట. వస్తువు మంచిదే. బెదిరింపు మాత్రం ఆడమనిషికి.

తర్వాత 1892. స్కాట్లండ్‌లో డండీ అనే ఊరు. మన కలకత్తా నుంచి వెళ్లిన జనపనారతో మిల్లులు నడిచిన ఊరు. అక్కడి పోలీసు వైద్యుడు చార్లెస్ టెంపుల్‌మన్ ఊపిరాడక చనిపోయిన 258 మంది పసిపిల్లల కేసులు లెక్కగట్టి ఒక వ్యాసం రాశాడు. ఎక్కువ చావులు శనివారం రాత్రుళ్లు జరిగాయని గమనించాడు. తల్లిదండ్రుల తాగుడు, అజాగ్రత్త, ఇరుకు ఇళ్లు కారణం అన్నాడు. ఒకే గది, ఒకే మంచం, ఇంటిల్లిపాదీ అందులోనే. ఆ బిడ్డకి వేరే పక్క ఎక్కణ్ణుంచి వస్తుంది? కానీ 1908లో బ్రిటన్‌లో వచ్చిన పిల్లల చట్టం ఏం చేసిందంటే, తాగి పడుకున్నవాళ్ల పక్కలో మూడేళ్లలోపు బిడ్డ ఊపిరాడక చనిపోతే దాన్ని నేరంగా లెక్కగట్టింది. పక్క ఇవ్వలేదు. శిక్ష ఇచ్చింది.

ఈలోగా డాక్టర్లు బిడ్డకి వేరే మంచం ఉండాలని చెప్పడం మొదలుపెట్టారు. ఫ్యాక్టరీలు ఊచల మంచాలు చేశాయి. సమస్య తీరిపోయిందా? లేదు, రూపం మార్చుకుంది. ఊచల మధ్య ఎంత ఖాళీ ఉండాలో చెప్పే చట్టం లేదు. ఖాళీ ఎక్కువుంటే బిడ్డ కాళ్లు, నడుము జారి బయటికి వచ్చేస్తాయి, తల మాత్రం ఇరుక్కుంటుంది. మంచం ఒక కంపెనీది, పరుపు ఇంకో కంపెనీది అయితే మధ్యలో సందు. సరిగ్గా మా ఇంట్లో లాగానే.

అసలు మలుపు ఇక్కడే. 1960ల చివర్లో అమెరికా ప్రభుత్వం ఇంట్లో వాడే వస్తువుల భద్రత మీద ఒక జాతీయ కమిషన్ వేసింది. 1970లో వచ్చిన దాని నివేదికలో ప్రమాదకరమైన వస్తువుల కింద పసిపిల్లల ఫర్నిచర్ కూడా ఉంది. 1972లో చట్టం, దాంతో కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ అనే సంస్థ. 1973లో క్రిబ్‌లకి నిబంధనలు తెచ్చారు. 1974 ఫిబ్రవరి నుంచి అమలు.

ఆ నిబంధనలు ఏంటో చూడండి. ఊచల మధ్య ఖాళీ 6 సెంటీమీటర్లు దాటకూడదు. మంచం లోపలి కొలత 28 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పైచిలుకు పొడవు. అంటే సుమారు 71, 133 సెంటీమీటర్లు. ఇదిగో, మా ఇంట్లో ఉన్న నంబరు! పరుపు మందం 6 అంగుళాలు మించకూడదు. మందం ఎందుకంటారా? పరుపు ఎత్తయ్యే కొద్దీ పక్క ఊచలు పొట్టివైపోతాయి, నిలబడే వయసులో బిడ్డ పైనుంచి దూకేస్తుంది. పరుపు కనీసం ఎంత ఉండాలో మంచం మీదే ముద్రించాలని కూడా రూలు పెట్టారు. 27 అంగుళాల పావు వెడల్పు, 51 అంగుళాల పైచిలుకు పొడవు. అంటే మంచానికీ పరుపుకీ తేడా ముప్పావు అంగుళమే. నాలుగు అంగుళాలు కాదు.

నాకు ఇందులో గొప్పగా అనిపించింది నంబరు కాదు. అంతకాలం "అమ్మా, నువ్వు ఎందుకు చూసుకోలేదు" అని అడిగిన చట్టం, ఈసారి మంచం చేసినవాణ్ణి "నువ్వు ఎందుకు ఇలా చేశావు" అని అడిగింది. అర్ధరాత్రి నిద్రపోకుండా ఏ తల్లీ కాపలా కాయలేదు. కాపలా కాయాల్సింది కొలత.

అక్కడితో అయిపోలేదు. 1991లో బ్రిటన్‌లో, 1994లో అమెరికాలో పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టండి అని పెద్ద ప్రచారం జరిగింది. అమెరికాలో నిద్రలో కారణం తెలియకుండా జరిగే శిశుమరణాలు ఆ తర్వాతి ఏళ్లలో సగానికి పడిపోయాయి. ఒక పక్క ఊచల తలుపు కిందికి జారే క్రిబ్‌లు ఉండేవి. ఆ తలుపు ఊడి సందు ఏర్పడి పిల్లలు చనిపోయారు. 2011 జూన్ 28 నుంచి అమెరికాలో వాటి అమ్మకం నిషేధం, సెకండ్ హ్యాండ్‌తో సహా. అక్కడున్న మన తెలుగువాళ్లు ఎవరైనా పాత క్రిబ్ ఇస్తామంటే ముందు ఇది చూసుకోండి. ఇక ఊచల చుట్టూ కట్టే మెత్తటి బంపర్లు, వాటిని 2022లో చట్టం చేసి ఆపేశారు.

మరి 24, 48 ఎక్కడిది? బ్రిటన్‌లో, యూరప్‌లో ఎక్కువగా నడిచే కొలత 60, 120 సెంటీమీటర్లు. అంగుళాల్లో చూస్తే దాదాపు 24, 48. ఇంకో పెద్ద సైజు 70, 140. మన మార్కెట్లో ఇటువైపు కొలతలూ దొరుకుతాయి, అటువైపు కొలతలూ దొరుకుతాయి. అన్నిటి మీదా స్టాండర్డ్ అనే ఉంటుంది. ఎవరి స్టాండర్డో మాత్రం ఉండదు. అది మనమే అడగాలి.

కాబట్టి మీ ఇంట్లో గానీ, అక్కవాళ్ల ఇంట్లో గానీ బుజ్జిపాప వస్తుంటే ఇది గుర్తుంచుకోండి. పరుపు పేరు చూసి కొనొద్దు, మంచం లోపల టేపు పెట్టి కొలిచి కొనండి. పరుపు వేశాక మంచానికీ దానికీ మధ్య రెండు వేళ్ల కంటే ఎక్కువ దూరితే అది మీ మంచానిది కాదు. సందులో గుడ్డలు కుక్కి సరిపెట్టొద్దు. పరుపు గట్టిగా ఉండాలి, చెయ్యితో నొక్కి తీస్తే గుంట మిగలకూడదు. పైగుడ్డ నాలుగు మూలలా బిగిసి ఉండేది వేయండి. పెద్ద మంచం దుప్పటి తెచ్చి మడతలు దోపితే అర్ధరాత్రికి ఊడి మొహం మీదికి వస్తుంది. ఏడాది నిండేదాకా దిండు వద్దు, ఆవాల దిండు కూడా వద్దు. కప్పే దుప్పట్లు, బొమ్మలు పక్కలో వద్దు. పాత మంచమైతే ఊచల మధ్య స్కేలు పెట్టి చూడండి, 6 సెంటీమీటర్లు దాటితే వాడకండి.

చివరికి మేం ఏం చేశామంటే, టేపు కొలత రాసుకుని మా వీధి చివర పరుపుల దుకాణానికి వెళ్లాం. ఆయన గట్టి ఫోమ్ తీసి, మేం చెప్పిన కొలతకి కోసి, గుడ్డ కుట్టి ఇచ్చాడు. మంచానికి తగ్గ పరుపు. ఆలోచిస్తే మా అమ్మ బొంత కుట్టిన పద్ధతీ అదే కదా, కొలిచి చేయడం.

ఆ బొంత పారేయలేదు. పగలు పాప మెలకువగా ఉన్నప్పుడు నేల మీద అదే పరుస్తాం. మేం పక్కనే కూర్చుంటాం, పాప బోర్లా పడి తల ఎత్తి చూస్తుంది. ఇదంతా చదివాక ఒకరోజు అమ్మతో అన్నా, "తప్పు నీది కాదమ్మా, ఆ నాలుగు అంగుళాలది" అని. "అది ముందే చెప్పొచ్చు కదరా, ఇన్నాళ్లు నాకు నిద్ర పట్టలేదు" అంది.

మీ ఇంట్లో కూడా ఇలా ఎవరైనా తమదే తప్పనుకుంటూ ఉంటే, ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. టేపు తీసి ఒకసారి కొలవండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.