ఫిర్యాదుదారుకే పూచీకత్తు: అవినీతిని వెల్లడించినవారి పట్ల రాజ్యం వైఖరి (1850–2018)

వ్యాససంగ్రహం:

ప్రభుత్వ సంస్థల్లోని అవినీతిని అరికట్టడానికి భారతదేశంలో చేసిన చట్టాలను సాధారణంగా నేరస్థుడి వైపు నుంచి పరిశీలిస్తుంటారు. ఈ వ్యాసం వాటిని ఫిర్యాదుదారు వైపు నుంచి పరిశీలిస్తుంది. 1850 నాటి ప్రభుత్వోద్యోగుల విచారణ చట్టం, 1854–55 నాటి మద్రాసు హింసల విచారణ సంఘం, 1889 నుంచి సాగిన అధికార రహస్యాల చట్టాలు, 2003లో సత్యేంద్ర దూబే హత్య, 2014 నాటి ప్రజావేగుల రక్షణ చట్టం ఇందులో ప్రధానాంశాలు. పాలకులు మారినా ఫిర్యాదుదారుపై మోపిన భారం పెద్దగా తగ్గలేదని ఈ పరిశీలనలో తేలుతుంది.

కీలక పదాలు: అవినీతి, ప్రజావేగు, కచేరీ, అర్జీ, మద్రాసు ప్రెసిడెన్సీ, అధికార రహస్యాలు, చట్ట చరిత్ర.

1. ఉపోద్ఘాతం

తాను పనిచేసే సంస్థలోని అక్రమాన్ని ప్రజాప్రయోజనం కోసం బయటపెట్టే వ్యక్తిని తెలుగు పత్రికలు ‘ప్రజావేగు’ అని వ్యవహరిస్తున్నాయి. ఇది ఇటీవల కల్పించుకున్న పదం. ‘వేగు’ అనే మాట మాత్రం పాతది. వేగులవాడు రాజుకోసం పనిచేస్తాడు. ప్రజల రహస్యాలను, శత్రువుల రహస్యాలను రాజుకు చేరవేస్తాడు. ‘ప్రజా’ అనే విశేషణం చేరడంతో ఈ దిశ తిరగబడింది. ఇప్పుడు రాజ్యపు రహస్యమే ప్రజలకు చేరుతోంది. అయితే వాడుకలో ఇలాంటి పని చేసేవారికి ముందునుంచీ ఉన్న పేర్లు కొండెగాడు, చాడీకోరు వంటివే. తోటి ఉద్యోగి తప్పును పైవారికి చెప్పడాన్ని భాష నిందగానే చూసింది. ఈ నింద చట్టాల్లోకి కూడా ప్రవేశించిందా అనేది ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న.

2. కచేరీలో దాగిన సమాచారం

19వ శతాబ్ది తొలి అర్ధభాగంలో మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లో కలెక్టరు అత్యున్నతాధికారి. అయినా ఆయనకు అందే సమాచారమంతా శిరస్తాదారు, తహసీల్దార్లు, గుమాస్తాలు, కరణాల ద్వారానే అందేది. కలెక్టర్లు తరచుగా బదిలీ అయ్యేవారు. కచేరీ సిబ్బంది మాత్రం దశాబ్దాలపాటు, కొన్నిచోట్ల తరాలపాటు, అక్కడే ఉండేవారు. లెక్కలు వారి చేతిలో, వారికి తెలిసిన లిపుల్లో ఉండేవి.

గుంటూరు జిల్లా ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. 1832–33లో వచ్చిన నందన కరువు ఆ జిల్లాను ఛిన్నాభిన్నం చేసింది. ఆ తరువాత శిస్తు పడిపోయి, జమీందారీల బకాయిలు పేరుకుపోయాయి. కారణాలు తేల్చడానికి ప్రభుత్వం 1845లో వాల్టర్ ఎలియట్‌ను నియమించింది. అమరావతి శిల్పాలను తవ్వించి మద్రాసుకు తరలించిన అధికారిగా ఆయన తెలుగువారికి పరిచితుడే. 1965లో గుంటూరు జిల్లా చరిత్రపై గ్రంథం వెలువరించిన రాబర్ట్ ఎరిక్ ఫ్రైకెన్‌బర్గ్, స్థానిక ఉద్యోగ వర్గాలు గ్రామ పెద్దలతో కలిసి పైఅధికారానికి నిజమైన లెక్కలు అందకుండా ఎలా చేయగలిగాయో వివరించాడు.

ఈ అనుభవంలో రెండు విషయాలు గమనించాలి. మొదటిది: కచేరీ అవినీతి సమాచారాన్ని దాచడంపై ఆధారపడి ఉంటుంది. కాబట్టి దాన్ని ఛేదించగలిగేది లోపలి మనిషే. రెండవది: లోపలి మనిషి మాట నిజాయితీతోనూ రావచ్చు, పగతోనూ రావచ్చు. పదవుల కోసం పోటీపడే వర్గాలకు అర్జీ ఒక ఆయుధం కాగలదు. రాజ్యం ఈ రెండవ విషయాన్ని మొదటిదానికంటే ఎక్కువగా పట్టించుకుంది. ఆ తరువాతి చట్టాలన్నింటికీ ఈ ప్రాధాన్యమే పునాది అయింది.

3. 1850 చట్టంలో ఫిర్యాదుదారు

కంపెనీ ప్రభుత్వం 1850లో 37వ చట్టంగా ప్రభుత్వోద్యోగుల విచారణ చట్టాన్ని తెచ్చింది. ప్రభుత్వ అనుమతి లేకుండా తొలగించడానికి వీలులేని ఉద్యోగులపై వచ్చే ఆరోపణలను బహిరంగంగా విచారించడం దీని ఉద్దేశం. ఇందులో ఫిర్యాదుదారుకు సంబంధించిన ఏర్పాట్లు ప్రత్యేకంగా చూడదగినవి. ఆరోపణను లిఖితపూర్వకంగా ఇచ్చి, దానిని ప్రమాణపూర్వకంగా ధ్రువీకరించాలి. బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో అబద్ధపు ఆరోపణ చేస్తే అబద్ధసాక్ష్యానికి విధించే శిక్షలు వర్తిస్తాయి. కేసు నడిపే బాధ్యతను ప్రభుత్వం ఫిర్యాదుదారుకే వదిలివేస్తే, విచారణాధికారులను నియమించడానికి ముందే ఆయన తగిన పూచీకత్తు సమర్పించాలి. కేసును చివరిదాకా నడుపుతాననడానికే కాక, తరువాత తనపై రాగల ఎదురు ఆరోపణకు, వ్యాజ్యానికి అందుబాటులో ఉంటాననడానికి కూడా అది హామీ.

అబద్ధపు ఆరోపణలకు శిక్ష ఉండడం అన్యాయమేమీ కాదు. నిర్దోషి అయిన ఉద్యోగి పరువుకు రక్షణ ఉండాలి. కానీ ఆ చట్టంలో రెండవ పళ్ళెం ఖాళీగా ఉంది. నిజం చెప్పినవాడిపై అధికారి కక్ష తీర్చుకుంటే ఏమి చేయాలో అందులో ఎక్కడా లేదు. ఆరోపణ చేయబోయేవాడు తనకు రాగల నష్టాన్ని ముందే లెక్కవేసుకోవాలి. ఆరోపణకు గురైనవాడికి ఆ అవసరం లేదు.

4. మద్రాసు హింసల విచారణ సంఘం

ఈ చట్టం వచ్చిన నాలుగేళ్ళకే మద్రాసు ప్రెసిడెన్సీలో మరొక విచారణ మొదలైంది. దీనికి నేపథ్యంగా నిలిచినవారిలో ముఖ్యుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి (1806–1868). మద్రాసులో స్థిరపడిన తెలుగు వర్తక కుటుంబానికి చెందిన ఆయన 1844లో ‘క్రెసెంట్’ పత్రికను ప్రారంభించాడు. ఆ పత్రిక ప్రకటనను ప్రభుత్వ గెజిట్‌లో వేయడానికి అధికారులు తిరస్కరించారు. 1852లో ఆయన మద్రాసు స్థానికుల సంఘాన్ని నెలకొల్పి, శిస్తు వసూలులోని దౌర్జన్యాలను వివరిస్తూ బ్రిటిష్ పార్లమెంటుకు విన్నపం పంపించాడు. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్ మద్రాసు ప్రాంతానికి వచ్చినప్పుడు రైతుల స్థితిని ప్రత్యక్షంగా చూపించాడు. 1854లో కామన్స్ సభలో ఈ అంశం చర్చకు వచ్చింది. అదే ఏడాది మద్రాసు ప్రభుత్వం ఇ. ఎఫ్. ఎలియట్, హెచ్. స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ సభ్యులుగా విచారణ సంఘాన్ని నియమించింది.

సంఘం ముందుకు 1,959 ఫిర్యాదులు వచ్చాయి. 1855లో వెలువడిన నివేదిక, శిస్తు వసూలుకు, నేరం ఒప్పించడానికి హింస విస్తృతంగా వాడుకలో ఉందని నిర్ధారించింది. రెండు కర్రల మధ్య వేళ్ళను బిగించి నొక్కే పరికరాన్ని తెలుగులో ‘చీరాట’ అంటారని కూడా నమోదు చేసింది. ఈ హింసకు గురైనవారిలో శిస్తు బాకీదారులతోపాటు, లంచం ఇవ్వడానికి నిరాకరించినవారు కూడా ఉన్నారు.

మన అంశానికి ముఖ్యమైనది మరొకటి. ఇంతమంది బాధితులు అంతకుముందు ఎందుకు నోరు విప్పలేదన్న ప్రశ్నను సంఘం ఎదుర్కొంది. 1816 నాటి సంస్కరణలలో మేజిస్ట్రేటు అధికారం కలెక్టరుకు, పోలీసు అధికారం తహసీల్దారుకు సంక్రమించాయి. శిస్తు వసూలు చేసేవాడే పోలీసు అధికారి కూడా. తహసీల్దారుపై కలెక్టరుకు అర్జీ పెట్టుకుంటే, అది విచారణకోసం తిరిగి ఆ తహసీల్దారు కచేరీకే చేరే అవకాశం ఉండేది. జిల్లా కేంద్రం దూరం, ప్రయాణపు ఖర్చు, పోగొట్టుకునే పనిదినాలు, ఊరికి తిరిగి వచ్చాక ఎదురయ్యే పగ, ఇవన్నీ బాధితులను ఆపాయి. న్యాయం పొందే మార్గం కష్టసాధ్యమని సంఘం స్వయంగా అంగీకరించింది.

నివేదిక ఐరోపా అధికారులకు ఇందులో ప్రమేయం లేదని చెప్పి, దోషాన్ని స్థానిక సిబ్బందిపైనే నిలిపింది. 1857లో అమెరికన్ పత్రికలో రాసిన వ్యాసంలో కార్ల్ మార్క్స్ ఈ నిర్ధారణనే ప్రశ్నించాడు. అయినప్పటికీ ఈ విచారణ వ్యర్థం కాలేదు. 1859 నాటి 24వ చట్టం మద్రాసు పోలీసు వ్యవస్థను పునర్వ్యవస్థీకరించి రెవెన్యూ శాఖ నుంచి వేరు చేసింది. ఫిర్యాదు ఎవరిపైనో, విచారించేది వారే కావడం ప్రమాదమన్న సూత్రం దీనివల్ల ఒక మేరకు గుర్తింపు పొందింది. లక్ష్మీనరసు చెట్టికి తరువాత ప్రభుత్వ గౌరవాలు దక్కాయి గాని, ప్రజాకార్యాలకు వెచ్చించిన సంపద తిరిగి రాలేదు. చివరి రోజుల్లో ఆయన ఆర్థికంగా చితికిపోయాడు.

5. రహస్యమే నియమం

19వ శతాబ్ది చివరికి ఫిర్యాదుదారు ముందు మరో గోడ లేచింది. 1889లో వచ్చిన అధికార రహస్యాల చట్టం 1904లో మరింత కఠినమై, 1923లో ప్రస్తుత రూపం పొందింది. గూఢచర్యాన్ని నిరోధించడం దీని ప్రకటిత లక్ష్యం. కానీ 5వ సెక్షను పరిధి విశాలం కావడంతో, ఏ కాగితం రహస్యమో నిర్ణయించే అధికారం ఆ కాగితాన్ని దాచాలనుకునే కార్యాలయానికే దక్కింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఈ చట్టం కొనసాగింది. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి కూడా అనధికారికంగా సమాచారం వెల్లడించడాన్ని నిషేధించింది.

మరోవైపు అవినీతిపై పోరాటానికి సంస్థలు ఏర్పడ్డాయి. 1947లో అవినీతి నిరోధక చట్టం వచ్చింది. సంతానం సంఘం సిఫార్సులతో 1964లో కేంద్ర నిఘా సంఘం ఏర్పడింది. 1988లో మరింత సమగ్రమైన అవినీతి నిరోధక చట్టం చేశారు. ఇవి నేరాన్ని, దర్యాప్తును, ప్రాసిక్యూషను అనుమతిని వివరంగా నిర్వచించాయి. నేరాన్ని వెల్లడించిన ఉద్యోగిని కాపాడే ఏర్పాటును మాత్రం ఇవి నిర్మించలేదు. 1988 చట్టంలో లంచం ఇచ్చినట్టు వాంగ్మూలం ఇచ్చినవారికి 24వ సెక్షను కొంత రక్షణ కల్పించినా, 2018 సవరణ దానిని తొలగించింది. బలవంతంగా లంచం ఇవ్వవలసి వచ్చినవారు ఇప్పుడు ఏడు రోజుల్లోగా ఆ విషయం తెలియజేస్తేనే మినహాయింపు పొందుతారు.

6. సత్యేంద్ర దూబే లేఖ

2001 డిసెంబరులో జస్టిస్ బి. పి. జీవన్‌రెడ్డి అధ్యక్షతన లా కమిషన్ తన 179వ నివేదికను సమర్పించింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్ళిన ఆయన నాయకత్వంలో వచ్చిన ఈ నివేదిక, సమాచారం వెల్లడించినవారి రక్షణకు ప్రత్యేక చట్టం అవసరమని చెప్పి ముసాయిదాను కూడా జతచేసింది. ప్రభుత్వం దానిని వెంటనే చేపట్టలేదు.

మరుసటి ఏడాది 2002 నవంబరులో, జాతీయ రహదారుల సంస్థలో పనిచేస్తున్న ఇంజనీరు సత్యేంద్ర దూబే ప్రధానమంత్రికి లేఖ రాశాడు. కాన్పూర్ ఐఐటీలో చదివిన ఆయన స్వర్ణ చతుర్భుజి పథకంలో గుత్తేదార్లు పనులను అనర్హులైన చిన్న గుత్తేదార్లకు అప్పగించడం, ప్రాజెక్టు నివేదికల నాణ్యత వంటి లోపాలను అందులో వివరించాడు. తన పేరు గోప్యంగా ఉంచమని కోరాడు. అయినా లేఖ ఆయన వివరాలతో సహా మంత్రిత్వశాఖకు, అక్కడినుంచి రహదారుల సంస్థకు వెళ్ళింది. 2003 నవంబరు 27న ఆయన గయలో హత్యకు గురయ్యాడు. ఇది దోపిడీ సందర్భంగా జరిగిన హత్య అని సీబీఐ తేల్చింది. 2010లో ముగ్గురికి శిక్ష పడింది. ఆ నిర్ధారణ కుటుంబసభ్యులకు సంతృప్తి కలిగించలేదు.

హత్య వెనుక కారణంపై భిన్నాభిప్రాయాలు ఉన్నా, లేఖ ప్రయాణించిన దారిపై వివాదానికి తావులేదు. రైతు అర్జీ తహసీల్దారుకే తిరిగి చేరడానికి, దూబే లేఖ ఆయన పనిచేసే సంస్థకే తిరిగి చేరడానికి మధ్య దాదాపు 150 ఏళ్ళ దూరం ఉంది. దారి మాత్రం ఒక్కటే.

7. అమలు కాని చట్టం

దూబే మరణానంతరం సుప్రీంకోర్టులో దాఖలైన వ్యాజ్యం నేపథ్యంలో ప్రభుత్వం 2004 ఏప్రిల్‌లో ఒక తీర్మానం ద్వారా ఫిర్యాదులు స్వీకరించే అధికారాన్ని కేంద్ర నిఘా సంఘానికి ఇచ్చింది. దశాబ్దం తరువాత, 2014 మే 9న, ప్రజావేగుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఫిర్యాదుదారు గుర్తింపును వెల్లడించినవారికి మూడేళ్ళదాకా జైలు, 50,000 రూపాయలదాకా జరిమానా విధించవచ్చని ఈ చట్టం చెబుతుంది. ఫిర్యాదుదారును వేధించకుండా చూడవలసిన బాధ్యతను కూడా ప్రభుత్వంపై పెట్టింది. 1850 నాటి ఖాళీ పళ్ళెంలో ఏదో ఒకటి వేసిన తొలి కేంద్ర చట్టం ఇదే.

అయినా పాత ఛాయలు పోలేదు. పేరులేని ఫిర్యాదులపై చర్య ఉండదు. అబద్ధమని తెలిసి, దురుద్దేశంతో ఫిర్యాదు చేసినవారికి రెండేళ్ళదాకా జైలు, 30,000 రూపాయలదాకా జరిమానా ఉన్నాయి. ఏడేళ్ళకు పైబడిన అక్రమాన్ని విచారణకు స్వీకరించరు. పైగా చట్టం అమలు తేదీనే ప్రభుత్వం ప్రకటించలేదు. 2015లో లోక్‌సభ ఆమోదించిన సవరణ బిల్లు, భద్రత మొదలుకొని వాణిజ్య గోప్యత వరకు పది తరహాల సమాచారాన్ని వెల్లడి పరిధి నుంచి తప్పించబోయింది. ఆ బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది.

8. ముగింపు

ఈ పరిశీలనలో మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, అవినీతి నిలిచేది సమాచారంపై గుత్తాధిపత్యంతో. దాన్ని లోపలివారి సాక్ష్యమే ఛేదించగలదు. రెండు, రాజ్యం ఆ సాక్ష్యాన్ని మొదట అనుమానించి, తరువాతే వినింది. ప్రమాణం, పూచీకత్తు, శిక్షాభయం 1850లోనే సిద్ధమయ్యాయి. రక్షణ కాగితం మీదికి రావడానికి 164 ఏళ్ళు పట్టింది. మూడు, సంస్థాగతమైన మార్పు వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. హింసల విచారణ సంఘం తరువాత పోలీసును రెవెన్యూ నుంచి వేరు చేసినట్టే, ఫిర్యాదును స్వీకరించే యంత్రాంగాన్ని ఫిర్యాదుకు గురైన శాఖ నుంచి పూర్తిగా వేరు చేయడం సాధ్యమే.

మద్రాసు సంఘం ముందు నిలబడిన రైతుకు, తన మాట ఎవరి చేతికి చేరుతుందో తెలియదు. గయలో మరణించిన ఇంజనీరుకూ తెలియలేదు. 2014 చట్టాన్ని అమలులోకి తేవడం ఆ ప్రశ్నకు పూర్తి సమాధానం కాదు. అయితే ఏ సమాధానమైనా అక్కడినుంచే మొదలుకావాలి.