గుఱ్ఱపు తన్నులు - విమానపు విడిభాగములు

ఎడ్లబండి ఇరుసు విరిగినచో వడ్రంగి ఆ బండికే సరిపోవునట్లు క్రొత్త ఇరుసు చెక్కి యిచ్చును. అది పొరుగువాని బండికి పట్టునన్న నమ్మకము లేదు. కనుక ఇరుసులను ముందుగా చేయించి దాచుకొనుటలో పెద్ద ప్రయోజనము లేకుండెను. ఒక యంత్రపు భాగము మరియొక యంత్రమునకు అమరిననాడే విడిభాగమను మాటకు అర్థము కలిగెను. ఎన్నింటిని నిల్వ యుంచవలెనను చిక్కును దానితోనే పుట్టెను.

ఇట్టి అమరికను తొలుత సాధించిన వారిలో ఫ్రాన్సు దేశపు తుపాకుల పనివాడు హోనొరే బ్లాంక్ ఒకడు. 1785లో అమెరికా రాయబారిగా ప్యారిస్‌లో నున్న థామస్ జెఫర్సన్ అతని పనితనమును పరీక్షించెను. కుప్పలలోనుండి చేతికందిన ముక్కలను తీసి, తుపాకిని పేల్చు యంత్రాంగమును తానే కూర్చి చూచెను. అన్నియు చక్కగా అమరెను.

నిల్వల లెక్కకు ప్రసిద్ధమైన సూత్రమును 1913లో అమెరికా ఇంజనీరు ఫోర్డ్ హారిస్ ప్రకటించెను. సరుకు తెప్పించు ఖర్చు, దాచియుంచు ఖర్చు కలిసి కనిష్ఠమగుటకు ఒక్కమారు ఎంత తెప్పించవలెనో అది తెలుపును. చక్కని సూత్రమే, కాని వాడకము నిలకడగా సాగునని దాని భావన. ఇంటిలో బియ్యము, ఉప్పు ఇంచుమించు అట్లే ఖర్చగును. విమానపు ఇంధనపు పంపు అట్లు చెడదు. ఏడాదిపాటు ఒక్కటియు చెడకపోవచ్చును. ఒకే వారములో రెండు చెడవచ్చును.

ఇందుకు కావలసిన గణితము వేరొక చోట సిద్ధముగా నుండెను. అరుదైన సంఘటనల సంభావ్యతను తెలుపు సూత్రమును 1837లో ఫ్రెంచి గణితజ్ఞుడు ప్వాసాన్ ప్రకటించియుండెను. 1898లో బోర్ట్‌కీవిచ్ దీనిని ఒక విచిత్రమైన లెక్కపై ప్రయోగించెను: ప్రష్యా సైన్యములో గుఱ్ఱపు తన్నులచే మరణించిన సైనికుల సంఖ్య! పది దళములకు 20 సంవత్సరములు, అనగా 200 వార్షిక లెక్కలు. వానిలో 109 లెక్కలందు మరణమే లేదు. 65 లెక్కలందు ఒకటి, 22 లెక్కలందు రెండు, మూడింట మూడేసి, ఒకదానియందు నాలుగు. సూత్రము ప్రకారము తొలి రెండు అంకెలు 109, 66 కావలెను.

ఇక విమానముల సంగతి. ఒక స్థావరమునకు క్రొత్త పంపు వచ్చులోగా సగటున ఒక పంపు చెడునని యనుకొందము. సగటు ఒకటే గదా యని ఒక్కటే ఉంచినచో 100కు 26 మార్లు కొరత కలుగును. రెండుంచినచో 8 మార్లు, మూడుంచినచో 2 మార్లు. (ఉపాధ్యాయులు దీనిని నల్లబల్లపై చేసి చూపవచ్చును.) కొరత పడినది పంపే యైనను నేలపై నిలిచిపోవునది విమానము.

ఇట్టి నాలుగు స్థావరములలో రెండేసి చొప్పున ఎనిమిది పంపులు ఉంచుటకు బదులు, ఎనిమిదింటిని ఒకే కేంద్ర గిడ్డంగిలో ఉంచినచో అవి చాలకపోవుట 100కు 2 మార్లు మాత్రమే. కాని గిడ్డంగి దూరమున నున్నది. పంపు వచ్చువరకు విమానము వేచియుండవలెను. దగ్గర ఎన్ని, దూరమున ఎన్ని?

అమెరికా వైమానిక దళము కొఱకు రాండ్ సంస్థలో ఈ ప్రశ్నపై పనిచేసిన క్రెయిగ్ షెర్‌బ్రుక్ 1968లో "మెట్రిక్" అను పద్ధతిని ప్రకటించెను. (కొలతల మెట్రిక్ పద్ధతితో దీనికి సంబంధము లేదు.) స్వీడన్ టెలిఫోను ఇంజనీరు కోనీ పామ్ 1938లో కనుగొన్న ఫలితము దీనికి ఆధారము. భాగములు ప్వాసాన్ రీతిగా చెడుచు, ఒకదాని మరమ్మతు మరియొకదానికి అడ్డము రానిచో, మరమ్మతు కాలపు సగటు తెలిసిన చాలును. ఏ భాగమునకు ఎన్నాళ్లు పట్టినదో విడివిడిగా తెలియనక్కరలేదు.

షెర్‌బ్రుక్ పద్ధతిలోని మరియొక ఊహ నాకు ఇంతకంటె విలువైనదిగా తోచును. ప్రతి భాగమునకు సమానమైన రక్షణ అక్కరలేదు. ఏ భాగముపై, ఏ చోట పెట్టిన డాలరు కొరతను ఎక్కువగా తగ్గించునో అచ్చటనే దానిని పెట్టవలెను. అప్పుడు చౌక భాగములు దండిగాను, ఖరీదైనవి పొదుపుగాను నిల్వయుండును. అంతే సొమ్ముతో కొరతలు తగ్గును.

అయినను అందులో ఒక లోపము మిగిలెను. ఇంజనును ఒక విడిభాగమే, దాని లోపలి భాగములును విడిభాగములే. ఇంజను కొరవడిన విమానము నిలిచిపోవును. లోపలి భాగము కొరవడినచో ఇంజను మరమ్మతు మాత్రము ఆలస్యమగును. ఈ రెండు కొరతలను మెట్రిక్ ఒకే తూకమున తూచెను. వానిని వేరుచేసి లెక్కకట్టు విధమును 1973లో మక్‌స్టాట్ చూపెను.