ఒక తేదీ విలువ

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు కోరారు. మా ప్రత్తిపాడులో అరుగు మీద కూర్చుంటే పత్తి, మిరప ధరలు తప్ప వేరే మాట వినబడదు. నేను మాత్రం ముప్పై ఏళ్లకు పైగా కోర్టు కచేరీలో గుమాస్తాగా కాగితాల మధ్య బతికినవాణ్ణి. కనుక నాకు తెలిసిన కాగితాల సంగతే రాస్తున్నాను.

మనిషిని నిర్బంధంలో ఉంచినవారు ఏ అధికారంతో ఉంచారో కోర్టుకు జవాబు చెప్పాలి. అలా అడిగించే రిట్టే హెబియస్ కార్పస్. దాన్ని కొట్టివేస్తే ఆ పైన దారి ఉందా? ఒకప్పుడు మన తెలుగునేల మీద పన్నెండు మంది ప్రాణాలు ఇలాంటి ప్రశ్న మీదే వేలాడాయి.

తెలంగాణ రైతాంగ పోరాట కాలపు నల్లగొండ జిల్లా హత్యకేసుల్లో స్పెషల్ ట్రిబ్యునల్ వారికి ఉరిశిక్ష వేసింది. 1949 డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చింది. వారు సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకుంటే, హైకోర్టు తీర్పు రాజ్యాంగానికి ముందుది గనుక వినే అధికారం తమకు లేదని ఆ న్యాయస్థానం తేల్చింది. తేడా సుమారు ఆరు వారాలు!

అప్పుడు 32వ అధికరణం కింద హెబియస్ కార్పస్ వేశారు. అదే జనార్దన్ రెడ్డి కేసు. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించారు. విచారణలో తమకు వకీలు లేడన్నది ముద్దాయిల మొర. వకీలును ఏర్పాటు చేయడానికి ట్రిబ్యునల్ పూనుకోవలసిందని సుప్రీంకోర్టే అన్నది. అయినా అధికారం గల కోర్టు వేసిన శిక్షను ఈ రిట్టులో తిరగదోడలేమంటూ 1951 మార్చి 16న కొట్టివేసింది. చివరకు ఉరిశిక్షలు యావజ్జీవ శిక్షలయ్యాయి. ప్రాణాలు దక్కాయి గాని, దక్కించింది దయ, హక్కు కాదు.

తరువాత దారి విశాలమైంది. హైకోర్టు హెబియస్ కార్పస్ కొట్టివేసినా, 32వ అధికరణం కింద సుప్రీంకోర్టులో మళ్లీ అడగవచ్చునని 1966లో గులాం సర్వర్ కేసులో తేలింది. 136వ అధికరణం కింద ప్రత్యేక అనుమతితో అప్పీలుకు వెళ్లే మార్గమూ ఉంది. ఇంగ్లండులో సైతం క్రిమినల్ వ్యవహారాల్లో ఇటువంటి అప్పీలు 1960 నాటి చట్టంతోనే వచ్చింది.

దారి ఉంటే చాలదు, నడవడానికి కాగితం కావాలి. నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో, కొడుకు జైల్లో ఉన్న ఒక పెద్దాయన తీర్పు నకలు కోసం వచ్చాడు. "రేపు రా" అన్నాను. మర్నాడూ అదే మాట. మూడోనాడు మా హెడ్ గుమాస్తాగారు నన్ను పక్కకు పిలిచి, "అక్కడ ఒకడు గోడ మీద గీతలు గీసుకుంటూ రోజులు లెక్కపెడుతున్నాడు. అతని గడువు నీ సొరుగులో పెట్టి తాళం వేశావు" అన్నారు. ఆ సాయంత్రమే నకలు ఇచ్చాను. పెద్దాయన నాకు దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

1978లో హోస్కాట్ కేసులో, జైలుశిక్ష పడిన ఖైదీకి తీర్పు నకలు ఉచితంగా, వెంటనే ఇవ్వాలనీ, జైలువారు అది అందించి రసీదు తీసుకోవాలనీ సుప్రీంకోర్టు ఆదేశించింది. చదివి తల వంచుకున్నాను.

మన పిల్లలకు ఒక్క మాట చెప్పండి. నిర్బంధంలో ఉన్నవారి పిటిషను హైకోర్టు కొట్టివేస్తే, ప్రత్యేక అనుమతి కోరడానికి మామూలుగా గడువు 90 రోజులు. నకలుకు ఆ రోజే అర్జీ పెట్టాలి. నకలు తయారీకి పట్టిన రోజులను గడువులోంచి మినహాయిస్తారు. నకలు మీద అర్జీ తేదీ, సిద్ధమైన తేదీ వేసేది అందుకే. గడువు దాటినా తగిన కారణం చూపి మన్నించమని కోరవచ్చు.

ముద్ర వేసే చేతికి అది తేదీ మాత్రమే. లోపల ఉన్నవాడికి అది తలుపు. సెలవు.